తెల్లబట్ట, దురద.. ఈస్ట్ ఇన్ఫెక్షనేనా? ఏ పరీక్షతో తేలుతుంది, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మహిళలు ఎక్కడ చేయించుకోవచ్చు?

మందులంగడికి వెళ్లి "దురదగా ఉంది, తెలుపవుతోంది" అని గొంతు తగ్గించి చెబితే, ఎక్కువ ప్రశ్నలు లేకుండానే చిన్న కిట్ ఒకటి చేతికి వచ్చే అవకాశం ఉంది. ప్రొద్దుటూరైనా, పులివెందులైనా, హైదరాబాదైనా ఇందులో పెద్ద తేడా లేదు. ఆ కిట్‌లో సాధారణంగా మూడు రకాల మందులుంటాయి. ఫ్లుకొనజోల్ ఫంగస్‌ను చంపుతుంది. సెక్నిడజోల్ ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవికి, బ్యాక్టీరియల్ వెజినోసిస్‌కు పనిచేస్తుంది. అజిత్రోమైసిన్ క్లమీడియా వంటి బ్యాక్టీరియా జబ్బులకు ఇచ్చేది. అంటే మీకున్నది ఏదో తెలియదు కాబట్టి అన్నిటికీ కలిపి ఒకేసారి వేసుకోమని అర్థం.

తగ్గితే ఏది తగ్గిందో తెలియదు. తగ్గకపోతే ఏది మిగిలిందో తెలియదు. నిజంగా ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి అజిత్రోమైసిన్ అవసరం లేదు. పైగా యాంటీబయాటిక్స్ వాడాకే చాలామందికి ఈస్ట్ పెరుగుతుంది.

మరి ఈస్ట్ ఇన్ఫెక్షన్ అని ఎలా తేలుతుంది? దానికి ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక స్వాబ్, ఒక గాజు పలక, రెండు చుక్కల ద్రావణం, ఒక మైక్రోస్కోపు ఉంటే చాలు. చిక్కల్లా ఆ పరీక్ష చేయమని అడగాలని ఎవరికీ తెలియకపోవడమే.

తెలుపు కావడమే జబ్బా?

కాదు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఏ స్త్రీకైనా కొంత తెలుపు ఉంటుంది. నెలసరికీ నెలసరికీ మధ్యలో అండం విడుదలయ్యే రోజుల్లో అది పల్చగా, సాగేలా, గుడ్డులోని తెల్లసొనలా ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. దురద, మంట, చెడు వాసన, రంగు మార్పు లేనంతవరకూ అది శరీరం తనను తాను శుభ్రం చేసుకోవడమే.

మన దగ్గర ఈ విషయంలో రెండు మాటలు ఎక్కువగా వినిపిస్తాయి. "ఎముకలు కరిగి తెలుపుగా పోతున్నాయి" అనేది ఒకటి, "ఒంట్లో వేడి చేసింది" అనేది రెండోది. ఎముకలకూ దీనికీ ఎలాంటి సంబంధం లేదు. ఇక వేడి మాట. కడప జిల్లా ఎండల్లో చెమట, తడి బట్టలు, బిగుతు దుస్తులు ఒరుసుకుని దురదను పెంచుతాయి, అది నిజమే. కానీ మజ్జిగ, సబ్జా నీళ్లు తాగి రెండు వారాలు ఎదురుచూస్తే ఇన్ఫెక్షన్ ఏదో తేలదు. మజ్జిగ తాగండి, మంచిదే. పరీక్ష మాత్రం వాయిదా వేయకండి.

ఒకేలా కనిపించే మూడు జబ్బులు

యోనిలో దురద, తెలుపు రెండూ ఉన్నాయంటే ఎక్కువ సందర్భాల్లో కారణం మూడింటిలో ఒకటి.

మొదటిది కాండిడా అనే ఈస్ట్. ఇందులో దురదే ప్రధానం, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వనంత. చర్మం ఎర్రబడి, వాచి, మూత్రం తగిలినప్పుడు బయట మండుతుంది. తెలుపు విరిగిన పాలలా, పెరుగు తరకల్లా చిక్కగా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా ప్రకారం మహిళల్లో దాదాపు 75 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుంది. కాబట్టి వచ్చినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రెండోది బ్యాక్టీరియల్ వెజినోసిస్. యోనిలో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి, వేరే రకాలు పెరగడం వల్ల వస్తుంది. తెలుపు పల్చగా, బూడిద రంగులో ఉంటుంది. చేపల వాసన వస్తుంది, కలయిక తర్వాత ఆ వాసన ఎక్కువవుతుంది. దురద తక్కువ. మూడోది ట్రైకోమొనాస్. పసుపు, పచ్చ రంగు నురగతో, మంటతో వస్తుంది. ఇది లైంగికంగా సంక్రమిస్తుంది. భార్యకు మాత్రమే మందిచ్చి భర్తను వదిలేస్తే మళ్లీ వస్తుంది.

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంట్లోనే తేల్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. సమస్య అక్కడే ఉంది. పుస్తకంలో ఉన్నట్టు జబ్బు రాదు. 2002లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురితమైంది. తమకు ఈస్ట్ ఇన్ఫెక్షనే అని నిర్ణయించుకుని షాపులో మందు కొనుక్కున్న 95 మంది మహిళలను అందులో పరీక్షించారు. నిజంగా ఈస్ట్ ఒక్కటే ఉన్నది దాదాపు మూడోవంతు మందికే. మిగతావారిలో కొందరికి బ్యాక్టీరియల్ వెజినోసిస్, కొందరికి రెండు మూడు కలిసి ఉన్నాయి. కొందరికి అసలు ఏ జబ్బూ లేదు. గతంలో డాక్టరు ఈస్ట్ అని చెప్పిన అనుభవం ఉన్నవారు కూడా ఈసారి సరిగ్గా ఊహించలేకపోయారు.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది?

డాక్టరు ముందు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని రోజుల నుంచి, నెలసరి ఎప్పుడు వచ్చింది, గర్భం ఉందా, షుగర్ ఉందా, ఈమధ్య ఏ మాత్రలు వాడారు, లైంగిక సంబంధం ఉందా. చివరి ప్రశ్న మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ట్రైకోమొనాస్ అవకాశం ఎంతో తెలుసుకోవడానికి. ఆ తర్వాత బయటి చర్మం చూసి, స్పెక్యులమ్ అనే పరికరంతో లోపల చూసి, దూది పుల్లతో కొద్దిగా స్రావం తీస్తారు. నొప్పి ఉండదు, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. రెండు మూడు నిమిషాల పని. మగ డాక్టరైతే గదిలో ఒక మహిళా సిబ్బంది ఉండాలి. లేకపోతే పిలవమని అడగడం మీ హక్కు.

తీసిన స్రావాన్ని మొదట పీహెచ్ కాగితానికి అద్దుతారు. ఆమ్లం ఎంత ఉందో ఆ కాగితం రంగు మారి చెబుతుంది. 4.5 కంటే తక్కువ ఉంటే మామూలు స్థితి, లేదా ఈస్ట్. 4.5 దాటితే బ్యాక్టీరియల్ వెజినోసిస్, ట్రైకోమొనాస్ వైపు అనుమానం వెళ్తుంది. నెలసరి రక్తం, వీర్యం కలిసినా ఈ అంకె పెరుగుతుంది. అందుకే నెలసరి రోజుల్లో కాకుండా, ముందురోజు కలయిక లేకుండా వెళ్తే మంచిది.

తర్వాత గాజు పలక మీద ఒక చుక్క ఉప్పునీటిలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తారు. దీన్నే వెట్ మౌంట్ అంటారు. ట్రైకోమొనాస్ ఉంటే ఈదుతూ కనిపిస్తుంది, అయితే వెంటనే చూడాలి. పలక గంటసేపు బల్ల మీద పడి ఉంటే ఆ జీవి కదలడం మానేస్తుంది, రిపోర్టు "లేదు" అని వస్తుంది. ఇంకో చుక్కలో 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలుపుతారు. అది చర్మకణాలను కరిగించేస్తుంది, ఈస్ట్‌ను కరిగించలేదు. అప్పుడు మొగ్గలు తొడిగిన గుండ్రటి కణాలు, దారాల్లాంటి పోగులు కనిపిస్తే కాండిడా ఉన్నట్టే. ఈ ద్రావణం కలపగానే గుప్పున చేపల వాసన వస్తే బ్యాక్టీరియల్ వెజినోసిస్‌కు అది ఒక గుర్తు.

ఈ పరీక్షకూ ఒక లోపం ఉంది. ఈస్ట్ ఉన్నవారిలో దగ్గరదగ్గర సగం మంది దాకా మైక్రోస్కోపు కింద దొరకకుండా పోవచ్చు. లక్షణాలు స్పష్టంగా ఉండి, పీహెచ్ మామూలుగా ఉండి, పలక మీద ఏమీ కనిపించకపోతే కల్చర్ పరీక్ష చేయాలి. స్రావాన్ని ల్యాబ్‌లో పెంచి, ఏ రకం ఈస్టో చూస్తారు. రెండు మూడు రోజులు పడుతుంది. మొదటిసారి వచ్చిన ప్రతి ఒక్కరికీ కల్చర్ అక్కర్లేదు.

ఎక్కడికి వెళ్లాలి?

దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టండి. కేంద్ర ఆరోగ్య శాఖ 2012లో ఇచ్చిన ప్రజారోగ్య ప్రమాణాల్లో పీహెచ్‌సీ ల్యాబ్ చేయాల్సిన పరీక్షల జాబితా ఉంది. అందులో వెట్ మౌంట్, గ్రామ్ స్టెయిన్ పేర్లు కూడా ఉన్నాయి. అందుకే అక్కడ "తెల్లబట్టకు మందివ్వండి" అని కాకుండా "స్వాబ్ తీసి వెట్ మౌంట్ చూస్తారా మేడమ్?" అని అడగండి. ఆ ఒక్క మాటతో సంభాషణ మారిపోతుంది. ఊళ్లో ఆశక్కతో, నర్సమ్మతో ముందే మాట్లాడితే డాక్టరు ఏ రోజు ఉంటారో తెలుస్తుంది. అయితే తెలిసినవాళ్లతో ఇలాంటి విషయం చెప్పుకోలేం అనుకునేవారు నేరుగా పట్టణంలోని ఆసుపత్రికి వెళ్లినా తప్పులేదు.

జమ్మలమడుగులో, పులివెందులలో ప్రభుత్వాసుపత్రులున్నాయి. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు కౌంటర్లో జబ్బు వివరమంతా చెప్పనక్కర్లేదు, "గైనిక్ ఓపీ" అంటే చాలు. వెనకాల వరుసలో పదిమంది నిలబడి ఉన్నప్పుడు ఈ రెండు మాటలు చాలా ఉపయోగపడతాయి. ప్రభుత్వాసుపత్రిలో చూపించుకోవడానికి, అక్కడి ల్యాబ్ పరీక్షకు డబ్బు కట్టాల్సిన పనిలేదు. కల్చర్ దాకా వెళ్లాల్సి వస్తే కడపలోని సర్వజన ఆసుపత్రి, అంటే అందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచేది, సరైన చోటు. మెడికల్ కాలేజీకి అనుబంధం కాబట్టి అక్కడ మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో ఆధ్వర్యంలో పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు నడుస్తాయి. వీటిలో కౌన్సెలర్ ఉంటారు, తలుపు వేసి మాట్లాడే వీలుంటుంది. కానీ బోర్డు మీద "సుఖవ్యాధులు" అనే మాట ఉంటే చాలామంది ఆ వైపు కూడా చూడరు. ఈస్ట్‌ను సుఖవ్యాధుల్లో లెక్కించరు. కాపురం మొదలుకాని అమ్మాయిలకూ వస్తుంది, వయసు మళ్లినవారిలో షుగర్ ఉన్నవారికీ వస్తుంది. ప్రభుత్వ విధానంలో రెండు రకాల ఇన్ఫెక్షన్లను ఒకే గదిలో చూస్తారు, అంతే. ఆ గదికి ఇంకాస్త మర్యాదైన పేరు పెడితే ఎంతమంది లోపలికి వస్తారో అనిపిస్తుంది. సందేహాలుంటే నాకో ఉచిత ఫోన్ నంబరు 1097కు చేయవచ్చు.

ఈ క్లినిక్‌లలో రంగుల కిట్లు ఇస్తారు. తెల్లబట్ట సమస్యకు ఇచ్చేది ఆకుపచ్చ కిట్. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. ఇదీ అన్నిటికీ కలిపి ఇచ్చేదే కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ల్యాబ్ లేని చోట, ఒక్కసారి వచ్చి మళ్లీ రాలేని మనిషికి, లక్షణాలను బట్టి ఆ పూటే మందివ్వడం కోసం ఈ పద్ధతి తెచ్చారు. అంగడి కిట్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ మందిచ్చే ముందు ఒక మనిషి మిమ్మల్ని పరీక్షించాలి, భర్తకు చికిత్స కావాలో లేదో చెప్పాలి, తగ్గకపోతే మళ్లీ రమ్మనాలి. ల్యాబ్ పక్కనే ఉన్న ఆసుపత్రిలో మాత్రం కిట్ తీసుకునే ముందు స్వాబ్ అడగడమే మేలు.

అసలు పరీక్షించడం అనేదే మన దగ్గర అరుదు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు చేసిన అధ్యయనం 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రెండు గ్రామాల్లో 650 మంది మహిళలను పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీల జబ్బు ఉన్నట్టు తేలింది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే.

పెళ్లికాని అమ్మాయి, గర్భిణి

పెళ్లి కాలేదని చెబితే కొన్నిచోట్ల పరీక్షే చేయకుండా మాత్ర రాసి పంపిస్తారు. స్పెక్యులమ్ వాడకుండా, సన్నటి దూది పుల్లతో బయటి భాగం నుంచే స్రావం తీయవచ్చు. మీరే లోపలికెళ్లి తీసుకుని ఇచ్చినా ల్యాబ్‌కు సరిపోతుంది. ఆ మాట మీరే అడగండి. హాస్టల్లో ఉండే అమ్మాయికి అమ్మ ఈ రెండు ముక్కలు ఫోన్లో చెప్పినా చాలు.

గర్భంతో ఉన్నవారికి ఈస్ట్ ఎక్కువగా వస్తుంది. వీరు ఫ్లుకొనజోల్ మాత్ర తమంతట తాము వేసుకోకూడదు. సాధారణంగా క్లోట్రిమజోల్ వంటి మందును లోపల పెట్టుకునే మాత్ర లేదా క్రీమ్ రూపంలో 7 రోజులు ఇస్తారు. ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. బీపీ, రక్తం చూపించుకుని వచ్చేయకుండా దురద సంగతి కూడా ఆ రోజే చెప్పండి.

మళ్లీ మళ్లీ వస్తుంటే

ఏడాదిలో 3 సార్లు, అంతకంటే ఎక్కువ వస్తే దాన్ని పదే పదే వచ్చే ఈస్ట్ అంటారు. ఇలాంటప్పుడు ప్రతిసారీ అదే మాత్ర కొనుక్కోవడం డబ్బు దండగ. రెండు పనులు జరగాలి. ఒకటి షుగర్ పరీక్ష. రక్తంలో చక్కెర పెరిగితే ఈస్ట్‌కు మేత దొరికినట్టే. షుగర్ ఉందని ఎన్నడూ అనుకోని మనిషికి, ఆగని దురదే మొదటి గుర్తు కావచ్చు. పరగడుపున 126 లేదా అంతకుమించి ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 దాటినా డాక్టరుతో మాట్లాడాలి.

ఇక్కడే మరో సంగతి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మంచి మందులే. పేటెంటు గడువు ముగిశాక చౌకయ్యాయి, ఎక్కువమంది వాడుతున్నారు. వీటివల్ల జననాంగాల దగ్గర ఈస్ట్ రావడం తెలిసిన దుష్ప్రభావం. మీ షుగర్ మాత్ర మార్చిన తర్వాతే దురద మొదలైతే ఆ అట్ట పట్టుకెళ్లి గైనిక్ డాక్టరుకు చూపించండి. మందు మీరే ఆపేయకండి.

రెండో పని కల్చర్. ఎక్కువమందిలో కనిపించేది కాండిడా ఆల్బికాన్స్. గ్లాబ్రాటా అనే మరో రకం దారాలు అల్లదు కాబట్టి మైక్రోస్కోపు కింద తేలిగ్గా దొరకదు, ఫ్లుకొనజోల్‌కు సరిగ్గా లొంగదు. క్రూసీ అనే రకం మీద ఆ మందు అసలు పనిచేయదు. రకం తెలిశాకే సరైన మందు ఎంచుకోగలరు. ఆల్బికాన్స్ అని తేలినా చికిత్స ఒక్క మాత్రతో అయిపోదు, వారానికో మాత్ర చొప్పున 6 నెలల దాకా సాగవచ్చు.

రిపోర్టులో "ఈస్ట్" అని ఉంది, మందు వేసుకోవాలా?

ఇది ల్యాబుల చుట్టూ తిరిగేవారికి తరచూ ఎదురయ్యే అయోమయం. మూత్రపరీక్ష రిపోర్టులో "ఈస్ట్ సెల్స్" అని వస్తుంది. మూత్రం పట్టేటప్పుడు బయటి చర్మం నుంచి కలిసి ఉండవచ్చు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్‌లోనూ "కాండిడా" అని రాయవచ్చు. ఏ ఇబ్బందీ లేని మహిళల్లోనే 10 నుంచి 20 శాతం మందిలో ఈ ఈస్ట్ మామూలుగా ఉంటుంది. దురద, మంట లేకపోతే రిపోర్టుకు మందు వేయాల్సిన పనిలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సందర్భాలూ ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లాగిపోయాక మళ్లీ రక్తం పడినా, తెలుపు నీళ్లలా కారుతూ దుర్వాసన వస్తున్నా క్రీములతో నెలలు గడపకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో మహిళల క్యాన్సర్లలో రెండో స్థానంలో ఉంది. చాలామందిలో అది ఆలస్యంగానే బయటపడుతుంది. జ్వరం, పొత్తికడుపులో నొప్పి తోడైతే అదే రోజు చూపించుకోవాలి. ముట్లు ఆగినవారిలో ఈస్ట్ తక్కువే. లోపల పొడిబారడం వల్ల వచ్చే మంట అచ్చం ఇలాగే ఉంటుంది, దానికి మందు వేరు.

పరీక్షకు వెళ్లే ముందు రెండు మూడు రోజులు లోపల ఏ క్రీమూ, మాత్రా పెట్టుకోకండి, ఈస్ట్ దొరకదు. సబ్బుతో, డెట్టాల్‌తో లోపల కడగకండి, అది ఎప్పుడూ చేయకూడని పనే. ఇప్పటికే ఏదైనా వేసుకుని ఉంటే దాచకుండా చెప్పండి, ఖాళీ అట్ట సంచిలో వేసుకుని వెళ్లండి. రక్తం పలుచబడే మందులు, షుగర్ మాత్రలు వాడేవారు అవి కూడా చూపించాలి, ఫ్లుకొనజోల్‌తో కలిస్తే వాటి ప్రభావం పెరగవచ్చు. రిపోర్టును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ దురద వస్తే, పోయినసారి పలక మీద ఏం కనిపించిందన్నదే కొత్త డాక్టరు ముందుగా అడిగేది.